ఊదొద్దు

సుక్మా నుంచి దంతెవాడ వెళ్లే బస్సులో నా పక్కనున్నావిడ, పాత వీడియో గేమ్ క్యాసెట్ అడుగున ఉండే రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతోంది. ఒళ్లో ఉన్న స్టీలు డబ్బా నిండా అలాంటి క్యాసెట్లే.

“ఇంకా ఎవరాడతారమ్మా ఇవి?” అన్నాను.

“ఎవరాడకున్నా, పెడితే మాత్రం ఆడాలె సార్. నేను తుడిసింది ఒక్కటి గూడ ఆగలే,” అంది తలెత్తకుండానే.

దారిలో తనిఖీకి ఎక్కిన జవాను డబ్బా తెరిపించాడు. ఒక క్యాసెట్ తీసి చూడగానే అతని మొహం వెలిగింది. చిన్నప్పటి అలవాటేమో, దుమ్ము ఊదడానికి నోటి దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఫూంకో మత్!” ఊదొద్దని హిందీలో గట్టిగా అరిచింది ఆవిడ.

బస్సులో అందరూ ఇటు తిరిగారు. జవాను “సారీ దీదీ” అంటూ రెండు చేతులతో తిరిగిచ్చాడు.

“ఊదితే తడి తగిలి చిలుం పడతది సార్,” అంది నాతో.

చిన్నప్పుడు నా క్యాసెట్లన్నీ ఊది ఊది పాడుచేసింది నేనేనని ఆవిడకు చెప్పలేకపోయాను.