బావ మెడలో టేపు

మా బావ దర్జీ. పొద్దున్నే మెడలో వేసుకున్న టేపు పడుకునేదాకా తియ్యడు. పడుకున్నాక కూడా తియ్యడని అక్క ఫిర్యాదు. వాళ్ల ఐదేళ్ల కూతుర్ని మేమంతా గుండీ అని పిలుస్తాం. అది అంకెలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ టేపు మీద. అరవై దాకా గడగడా చెబుతుంది, ఆ తర్వాత ఎంతంటే టేపు అయిపోయిందంటుంది. దేన్నయినా కంటితో చూసి కొలత చెప్పేస్తుంది. నా నడుము ముప్పై ఎనిమిదని నలుగురిలో చెప్పి నా పరువు కూడా తీసింది.

పేరున్న ప్రైవేటు బడిలో దాన్ని చేర్చాలని అక్క పట్టు. అక్కడ ఒకటో తరగతికి తప్ప మధ్యలో తీసుకోరు. ఈ ఏడాది సీటు రాకపోతే ఇక లేనట్టే. నాది దరఖాస్తులు నింపే దుకాణం. అలాంటివి వందలు నింపాను కాబట్టి బడివాళ్లు ఏం చూస్తారో నాకే తెలుసని నా ధీమా. ముందు తండ్రి పనే చూస్తారని తేల్చేసి, ఆ గడిలో దుస్తుల వ్యాపారం అని రాశాను.

"దర్జీ అని రాస్తే తప్పేంట్రా?" అన్నాడు బావ.

"నీకు సీటు కావాలా, నిజం కావాలా?" అన్నాను.

నోట్లో నాలుక లేని మనిషి, ఊరుకున్నాడు. పది రోజులు గుండీకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. టేపు మాట ఎత్తకూడదు, మిషను మాట ఎత్తకూడదు, నాన్న ఏం చేస్తాడంటే వ్యాపారం అనాలి.

ఇంటర్వ్యూ రోజు అక్కకు సెలవు దొరక్కపోతే ఆమె బదులు నేను వెళ్లాను. బావ తను కుట్టుకున్న కోటే వేసుకున్నాడు. లోపలికి పిలుస్తుండగా చూశాను, కోటు మీద టేపు వేలాడుతోంది. చుట్టూ కుర్చీల నిండా తల్లిదండ్రులు. సర్రున లాగి నా జేబులో కుక్కేశాను. బావ చెయ్యి ఒట్టి మెడను తడుముకుంది. గుండీ ఇదంతా చూస్తూనే ఉంది.

హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద రెండు రిబ్బన్లు పెట్టింది. ఒకటి తిన్నగా ఉంది, రెండోది మెలికలు తిరిగి ఉంది. ఏది పొడుగని అడిగింది. గుండీ పెదాలు కదిలాయి. నా వైపు చూసింది. తెలీదంది. ఇంకో రెండు ప్రశ్నలకూ అదే జవాబు. మీ నాన్న ఏం చేస్తారని అడిగితే మాత్రం వ్యాపారం అని టక్కున చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ కలం మూత పెట్టేసింది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

"నేను దర్జీనండీ," అన్నాడు బావ. "పిల్లకన్నీ తెలుసు. చెప్పొద్దని మేమే నోరు కట్టేశాం." నా వైపు చెయ్యి చాచాడు.

హెడ్‌మిస్ట్రెస్ ముందే జేబులోంచి టేపు తీసివ్వాల్సి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

గుండీ మెలికల రిబ్బనే పొడుగని, ఇరవై రెండుంటుందని చెప్పి, కొలిచి చూపించింది. అడక్కుండానే బల్ల కూడా కొలిచింది. హెడ్‌మిస్ట్రెస్ నవ్వింది. నేను రాసినదాన్ని కొట్టేసి దర్జీ అని తనే రాసింది.

"ఈ గడిని బట్టి సీట్లు ఇస్తామని మీకెవరు చెప్పారు?" అని నన్నే అడిగింది. "పిల్లతో ఇంట్లో ఎవరు కూర్చుంటారో అది చూస్తాం మేము."

సీటు వచ్చింది. అక్క వీధంతా చెప్పుకుంది. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

బడి మొదలైన రోజు ముగ్గురం బయల్దేరాం. గుండీ వేసుకున్న గౌను బావే కుట్టాడు. సంచీ నేను పట్టుకుని వెనక నడుస్తున్నాను. బడి గేటు కనబడే మలుపు దగ్గర అది ఆగిపోయింది.

"నాన్నా, కాస్త వంగు," అంది.

ముద్దు పెడుతుందేమోనని బావ నవ్వుతూ వంగాడు. అది ఆయన మెడలోంచి టేపు తీసి, జాగ్రత్తగా చుట్టి, ఆయన జేబులో పెట్టింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, సరిగ్గా చేశానా అన్నట్టు నా వైపు తిరిగింది.