ఓదెలు కాక నమ్మిన సూది

ఇప్పటికీ తనిఖీకి వెళ్ళినప్పుడల్లా, స్కానింగు గదిలో తొడ మొదట్లో చల్లటి జెల్లీ పూయగానే నాకు ఓదెలు కాక నవ్వు వినపడుతుంది. గరగరమంటూ మొదలై దగ్గుతో ముగిసే నవ్వు. గోదావరిఖని బొగ్గు గనిలో ఆయన మా సర్దార్, అంటే మా జట్టు మీద పెద్ద, నాకు పని నేర్పినవాడు. పైకప్పును కర్రతో కొట్టి చూసి, చప్పుడు బోలుగా ఉంటే కూలుతుందని మమ్మల్ని వెనక్కి లాగేవాడు. షిఫ్టు దిగాక చాయ్ హోటల్లో నన్ను ముందుకు తోసి, “చెప్పురా మల్లిగా, నీ అబద్ధాలు లేకుంటే చాయ్ దిగుతలేదు” అనేవాడు. నాకు కథలు చెప్పే రోగం అంటించింది ఆయనే.

రిటైరయ్యాక నాకు గుండె పరీక్ష చేశారు. తొడ రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. ఇంటికొచ్చాక అక్కడ ఉబ్బొచ్చి, గుండెలాగే కొట్టుకోసాగింది. నాళానికి పడ్డ రంధ్రం పూడక, రక్తం బయటికొచ్చి సంచి కట్టిందట. అరుదుగా అవుతుందన్నారు, పగిలితే ప్రాణం మీదికొస్తుందన్నారు. డాక్టరమ్మ స్కాను తెర మీద చూసుకుంటూ సూదితో ఆ సంచిలోకి మందు ఎక్కించింది. తెర మీద ఎర్రగా, నీలంగా సుడి తిరుగుతున్న రక్తం చూస్తుండగానే నిలిచిపోయింది. నొప్పి చీమ కుట్టినంత.

అంత చిన్న సంగతి హోటల్లో ఉన్నదున్నట్టు ఎట్లా చెప్తాను? “గడ్డపారంత సూది, కాకా! నలుగురు పట్టుకున్నరు. నా కేక రామగుండం టేషన్ల ఇనవడ్డది!” కాక కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. నిజానికి నలుగురు కాదు, ఒక్క నర్సు. అదీ నేను బతిమాలితే నా చెయ్యి పట్టుకుంది.

మరుసటి ఎండాకాలం కాకకూ అదే పరీక్ష, అదే ఉబ్బు. లుంగీ కింద దాచుకున్నాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, పసిగట్టి నన్ను పిలిపించింది.

“లే కాకా, దవాఖానకు పోదాం.”

“నువ్వు మొండోనివి, ఓర్చుకున్నవ్. ఆ సూది నాతోని కాదు బిడ్డా.”

“హోటల్ల నేను చెప్పిందంత ఉత్తదే! సన్నగుంటది, ఏం కాదు.”

“నన్ను తోల్కపోనీకి ఇప్పుడు అబద్ధమాడుతున్నవ్.”

ఒట్టు పెట్టాను. నా ఒట్టుకు కూడా నవ్వాడు. చిన్నమ్మ ఏడిస్తే చివరికి పొద్దున పోదామన్నాడు. పొద్దున మొహం కడుక్కుంటుండగా ఆయన తొడలో ఆ సంచి పగిలింది. దవాఖాన చేరేదాకా ప్రాణం ఆగలేదు. కాకను భుజాన వేసుకొని పరుగెత్తానని తర్వాత కొందరికి చెప్పాను. మోసింది ఆటో డ్రైవరు. నేను ఆయన చెప్పులు పట్టుకొని వెనక నడిచాను.

ఇప్పుడు మా కార్మికుల కాలనీలో ఎవరికి ఆ పరీక్ష జరిగినా పిలవకుండానే వెళ్తాను. ఉబ్బొస్తే దాచొద్దని, సూది సన్నదేనని చెప్తాను. వాళ్ళు నవ్వడానికి సిద్ధమై, “తర్వాతేమైందే?” అని నా మొహంలోకి చూస్తారు.

“తర్వాత ఏం లేదు. గంతే,” అంటాను.