పెద్దత్తయ్యగారి గోరు

మొటిమల మచ్చలు పోవాలని నిరుడు ముఖానికి లేజర్ చేయించుకున్నాను. పచ్చి చర్మం మీద పక్కు కట్టింది. అది దానంతటదే రాలాలని, ఎవరి చెయ్యీ తగలకూడదని డాక్టరుగారు మరీ మరీ చెప్పారు.

మలికిపురంలో మా ఇంటికి పరామర్శకని పెద్దత్తయ్యగారు కొబ్బరిబోండాలతో వచ్చారు.

"ముట్టుకోకూడదండీ" అంటూనే ఉన్నాను.

"బయటివాళ్ళు కదమ్మా ముట్టుకోకూడనిది! ఎలాగూ ఊడిపోయేదే కదా" అంటూ, రొయ్యల నీచు కొడుతున్న గోటితో బుగ్గమీది పక్కు లాగేశారు. పెద్దావిడ చెయ్యి తోసెయ్యలేకపోయాను. మర్నాటికి చీము పట్టి, కన్ను మూసుకుపోయేంతగా బుగ్గ వాచింది.

పాత మచ్చలు పోయాయి. గోరు పడ్డచోట గుంట మిగిలింది.

మొన్న ఓ పెళ్ళిలో ఆవిడే నలుగురి ముందూ నా గడ్డం పట్టుకుని, "అయ్యో, లేజరు కొట్టించినా ఇదొక్కటీ పోలేదేమ్మా?" అన్నారు. ఈసారి చెయ్యి విదిలించి కొట్టాను.

గోటి సంగతి ఎవరికీ గుర్తులేదు. నా పొగరు మాత్రం చుట్టాలెవరూ మరిచిపోలేకపోతున్నారు.