చప్పుడు తగ్గిన పడవ: గద్వాల నుంచి సోమశిలకు ఒక పొగగొట్టంతో

ఈ ప్రయాణానికి కారణం నర్సింహ మామ దగ్గు. సోమశిల రేవులో పాత జీపు ఇంజను బిగించిన పడవ నడుపుతాడు మామ. ఇంజను పొగను బయటికి పంపే ఇనుప గొట్టం పగిలి, పొగంతా ఆయన మొహానికే కొడుతోంది. "ఈ నెలల పొగన్న బందు గావాలె, పడవన్న అమ్మాలె" అని ఎల్లమ్మత్త ఫోనులో తేల్చేసింది. పనిచేసే మనిషికి మంచి గాలి హక్కు అని ఎన్ని కరపత్రాల్లో చదివానో! సొంత మామ దగ్గరే ఆ మాట చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది?

గద్వాలలో పొద్దున్నే వనపర్తి బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చోండి, బీచుపల్లి వంతెన మీద కృష్ణను కళ్లారా చూడొచ్చు. మామ పంపిన కొలతలతో వనపర్తిలో ఒక వెల్డర్ హెడర్ అనే కొత్త పొగగొట్టాన్ని సిద్ధం చేసి ఉంచాడు. నాలుగు సిలిండర్లకు నాలుగు స్టీలు గొట్టాలు, చివర ఒకటిగా కలుస్తాయి. పొగ అడ్డం లేకుండా పోతే ఇంజనూ తేలిగ్గా లాగుతుంది. దానికి తోడు పెద్ద సైలెన్సర్ కూడా తీసుకున్నాను. గొట్టాలకు చుట్టే వేడి ఆపే పట్టీ నాగర్‌కర్నూల్‌లో దొరుకుతుందన్నారు. నాగర్‌కర్నూల్ బస్సులో కండక్టర్ నా సంచీలోకి తొంగిచూశాడు.

"గదేంది తమ్మీ, బర్రె పొదుగు లెక్కుంది? పాలిస్తదా?"

"మా మామ పానం నిలవెడ్తది. దీనికి లగేజీ టికెట్ కొడితే ఊకోను!"

"టికెట్ ఎవడడిగిండు? ఒళ్లె వెట్టుకోని కూసో, పక్కనున్న అవ్వ కాళ్లకు తాకుతది."

బస్సంతా నవ్వింది. నేను పొదుగును ఒళ్లో పెట్టుకున్నాను. నాగర్‌కర్నూల్‌లో పట్టీ కొని, బస్టాండు బయట జొన్నరొట్టె తిని, కొల్లాపూర్ బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో పట్టుకుని మధ్యాహ్నానికి రేవు చేరాను.

పాత గొట్టం విప్పి కొత్తది బిగించేసరికి ఎండ వాలింది. ఇంజను తిప్పితే పొగ వెనక నుంచి బుద్ధిగా పోయింది. చప్పుడు కుట్టుమిషన్ పాటి లేదు. అత్త మొహం వెలిగింది. "ఇగ ఉండనియ్యి నీ పడవ" అంది.

సాయంత్రం మనుషులను తెచ్చేందుకు అవతలి ఒడ్డుకు పోయాం. ఒక్కరూ లేరు. చాలాసేపు చూశాక, చేపల గంప బాలమ్మ ఒక్కతే గట్టు దిగింది.

"ఎప్పుడొచ్చినవ్ నర్సిమ్మా? నీ డుగుడుగు ఇనవడకపాయె! నువ్వు రావని అందరు మల్ల ఊర్లెకు పోతుండ్రు."

ఒడ్డున నీడ లేదు. అందుకని వాళ్లంతా గట్టు వెనక చెట్ల కింద కూర్చుని, పడవ చప్పుడు విన్నాకే దిగుతారు. ఆ సంగతి మామకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నాకు మండింది.

"చప్పుడు కోసం మనిషి పానం తీస్తరా అవ్వా?"

"పానం తీయమంటలేను బిడ్డా. పిలువుమంటున్న."

మామ పడవలో ఓ మూల పడేసిన పాత గొట్టాన్ని తాడుతో పైకప్పు కమ్మీకి వేలాడదీసి, పానాతో ఒక్కటిచ్చాడు. ఖణేల్‌మని మోగింది. మళ్లీ కొట్టాడు. గట్టు అవతల నుంచి "ఓ... ఆగు, వస్తున్నం!" అని కేక. గంపలు, మూటలు, ఒక మేకపిల్లతో సహా జనం దిగి వచ్చారు. మామ నవ్వుతూ మళ్లీ మళ్లీ కొడుతూనే ఉన్నాడు. దగ్గు రాలేదు.

నేను చదివిన కాగితాల్లో ఇంజను మోత అంటే పీడ, అంతే. దాని కోసం చెవి ఒగ్గి కూర్చునే మనుషులుంటారని వాటిలో ఎక్కడా రాయలేదు. హక్కుల మాట ఇప్పటికీ వదలను. కానీ ఈసారి గొట్టం మార్చే ముందు ఆ గొట్టం చప్పుడు ఎవరెవరు వింటున్నారో అడుగుతాను. మీరు వెళ్తే పొద్దుగూకకముందే తిరుగు పడవ చూసుకోండి. అవతల గట్టు మీద ఉంటే ఇంజను చప్పుడు కోసం ఆగొద్దు, ఖణేల్‌మనగానే దిగండి. మామ ఎక్కువసేపు ఆగడు, ఇవతల అత్త చూస్తుంటుంది.