దవడ ఎముకలో గుంట

పందిని దొంగిలించినవాడు మాంసం తిని చేయి కడుక్కుని ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. జోనా ఊరుకోలేదు. దాని కింది దవడను తన ఇంటి చూరుకు, పాత దవడల వరసలో తొమ్మిదోదిగా కట్టాడు. మా పెంటెకోస్ట్ దీవి మగవాళ్ళకు అదే జబ్బు. పరువు పోయినా ఫరవాలేదు గాని, చూరు కింద దవడ ఒకటి తగ్గితే ఓర్చుకోలేరు.

మా పక్కింటి రోసినా ఆ దవడను తెంపుకొచ్చి, తగువులు తీర్చే చావడి, నకమాల్ ముందు, ఊరి పెద్ద మోలి కాళ్ళ దగ్గర పెట్టింది. కోరలు అప్పటికే పీకేసి ఉన్నాయి.

"ఇది నా పంది, మావా."

"అడవి పంది," అన్నాడు జోనా. "కుక్కల్తో తరిమి నేనే కొట్టా. కోరలు రాయికి తగిలి ఊడిపోయినై. ఈవిడకి పంది కనపడితే చాలు, చుట్టం అనుకుంటది."

"చుట్టమే. నీకన్నా మర్యాదగా తినేది."

నకమాల్ గుమ్మం దాకా నవ్వులు పాకాయి. రోసినా మాత్రం నవ్వలేదు. దవడ ముందు చతికిలబడి దంతాల మీద వేలు పెట్టింది.

"అడవి పంది మట్టి తవ్వుకుని ఇసకతో సహా నవుల్తది. దాని దంతాలు అరిగి పలకలా ఉంటయ్. ఇవి చూడండి, పెళ్ళికూతురి పళ్ళు. ఏడేళ్ళు చేమదుంప ఉడికించి, పిసికి, నోట్లో పెట్టాను."

"కొన్ని పందులకి గట్టి పళ్ళుంటయ్," అన్నాడు జోనా.

"ఉంటయ్. మరి ఇదేంటి?"

దవడను పక్కకు తిప్పింది. ఎముకలో చిన్న గుంట. ఆమె చిటికెన వేలి కొన అందులో కుదురుగా కూర్చుంది.

పిల్లగా ఉన్నప్పుడే పంది పై కోరలు ఊడగొడితే, కింది కోరను ఒరిసేది ఏదీ ఉండదు. అది ఎదిగి, వెనక్కి వంగి, గాజులా చుట్టుకుని తన దవడ ఎముకనే పొడుస్తుంది. మనిషి సాకిన పందికి తప్ప ఆ గుంట పడదు. జోనా కోరలు పీకగలిగాడు గాని గుంటను పీకలేకపోయాడు పాపం.

"నీ అడవి పంది పై కోరలు తనే ఊడగొట్టుకుందా, జోనా? పుర్రె కూడా తీసుకురా, చూద్దాం."

పుర్రె రాలేదు. జోనా దొడ్డిలోంచి ఒక మగ పందిపిల్ల వచ్చింది. అదే మోలి తీర్పు.

గెలిచింది సరే, ఏడేళ్ళు పోయాయి. అలాంటి చుట్టుకోర పందిని అందరి ముందు కొట్టి చంపినప్పుడే ఆడదానికి ఇక్కడ మోతరి అన్న గౌరవపు పేరు వస్తుంది. రోసినా తల్లికి ఆ పేరుండేది. రోసినాకు అప్పటికే అరవై దాటాయి, మొగుడు లేడు. అయినా తన చేత్తోనే ఆ పిల్ల పై కోరలు ఊడగొట్టింది. అది పెట్టిన కేకకు చర్చిలో పాట ఆగిపోయింది. దానికి జోనా అని పేరు పెట్టింది.

"జోనా, నీ కంపు మూతి కడుక్కుని రా," అని రోజూ పొద్దున్నే వీధంతా వినేట్టు పిలిచేది. అసలు జోనా తోటకు వెళ్ళే దారి మార్చుకున్నాడు.

పంది కోర పెరుగుతుంటే రోసినా పళ్ళు రాలుతూ వచ్చాయి. ఇద్దరికీ ఒకే కుండలో ముద్ద. "నీదేదో దానిదేదో తెలుస్తోందా?" అన్నాను ఒకసారి.

"ఉప్పున్నది నాది, వదినా."

ఆ పిల్ల వచ్చి ఇది ఆరో ఏడు. ఈ వర్షాలకు ఆమె దగ్గుతో పడకేసింది. నాకు చదువు అంతంతమాత్రమే గాని కొలతలో తప్పు రాదు. రోజూ ఆకు ఈనెతో కొలిచి చెబుతున్నాను. కోర మొనకూ ఎముకకూ మధ్య ఇంకా వేలెడు సందు ఉంది.

నిన్న నా మణికట్టు పట్టుకుంది.

"నేనుంటే మోతరి పేరు నేనే తెచ్చుకుంటా. పోతే రోజూ ముద్ద నువ్వే పెట్టు, నా కోడలికి వదలొద్దు, అది గట్టి దుంపలేస్తది. కోర ఎముకలోకి దిగి గుంట పడిన రోజు, నా పేరు చెప్పి కొట్టించు. దవడ మాత్రం మా చూరుకొద్దు, వదినా. జోనాగాడి చూరు కింద తొమ్మిదో తాడు ఇంకా ఖాళీగానే ఉంది. దానికి కట్టు. గుంట వీధివైపుకి ఉండాల."