చిన్నమ్మ పేర్చిన బతుకమ్మ

నారాయణగూడ మార్కెట్లో తంగేడు పూల పచ్చివాసన తగిలితే చాలు, ఈనాటికీ నా కాళ్ళు నిలవవు. అయిదో తరగతి పిల్లనైపోతాను. చిక్కడపల్లి సందులో మా కిరాయి ఇల్లు, వాకిట్లో గుట్టగా పోసిన గునుగు పూలు, అమ్మమ్మ నువ్వులు దంచే చప్పుడు, వేగుతున్న పల్లీల ఘుమఘుమ, మెట్ల మీద మా పరుగులు, అన్నీ ఒక్కసారే మీదికొస్తాయి. వాటన్నిటి మధ్యా మా సరిత చిన్నమ్మ.

అమ్మకు చెల్లెలు. గ్రూప్స్ పరీక్షలకని అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదివేది. అక్కడే ఆమెకు ఎవరో తిడుతున్నట్టు గొంతులు వినిపించడం మొదలైంది. డాక్టర్లు స్కిజోఫ్రెనియా అన్నారు. మా ఇంటికి తెచ్చుకున్నాం. మందులతో గొంతులు తగ్గాయి కానీ, మత్తు ఓర్వలేక చిన్నమ్మ మాత్రలు మానేసింది. గొంతులు మళ్ళీ వచ్చాయి. అమ్మమ్మ భయపడి మాత్ర నూరి పెరుగన్నంలో కలిపింది. చేదు తగలగానే చిన్నమ్మ కంచం నెట్టేసింది. ఆపైన ఇంట్లో వండినదేదీ ముట్టలేదు. బిస్కెట్టు మాత్రం, నేను సగం కొరికి చూపిస్తే తినేది.

శ్రావణంలో ఒకరోజు అమ్మ ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. చిన్నమ్మ నా చెయ్యి వదలలేదు, నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ అమ్మను కాదు, ఆమెనే అడిగింది.

"మాత్ర వేసుకుంటే నీకేమైతుందమ్మా?"

"పొద్దంత నిద్రొస్తది మేడం. చేతులు వణుకుతయ్. గిట్లైతే బతుకమ్మ పేర్చుడెట్ల?" అని చిన్నమ్మ అమ్మ వైపు తిరిగింది. "అక్కా, ఏదిచ్చినా నాకు చెప్పి ఇయ్యుండ్రి. అన్నంల కలపకుండ్రి."

"కలపం చెల్లె, ఒట్టు," అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ మందు మార్చి, రాత్రిపూట వేసుకోమంది. అమ్మ ఒట్టును నమ్మి చిన్నమ్మ మళ్ళీ ఇంటి అన్నం తినసాగింది. భోజనాలయ్యాక తన మాత్ర తానే తీసుకునేది. నేను రెండు పాలగ్లాసులతో పక్కన చేరేదాన్ని, ఇద్దరం కబుర్లాడుకుంటూ తాగేవాళ్ళం. వారాలు గడిచేకొద్దీ వణుకు తగ్గింది, నవ్వు తిరిగొచ్చింది.

పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ నాడు చిన్నమ్మ పూలు వరుస మీద వరుస పేరుస్తూంటే, పిల్లలందరం "ఇంకొకటి, ఇంకొకటి!" అని గంతులేశాం. బతుకమ్మ నా నడుం దాటింది! సందంతా చప్పట్లతో చుట్టూ తిరుగుతూంటే, పాట ఎత్తుకున్నది చిన్నమ్మే. ఆమె గొంతు తప్ప ఆ సాయంత్రం నాకింకేదీ వినబడలేదు.

ఇప్పుడా ఇంటి చోట అపార్ట్‌మెంట్ లేచింది, మేం ఆడిన జాగాలో కార్లు నిలుస్తున్నాయి. చిన్నమ్మ రాంనగర్‌లో పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. "గొంతులా? వస్తయ్, పోతయ్. నా పని నేను చేస్కుంట," అంటుంది. మందు మాత్రం మానదు. ఒకప్పుడు ఆమె జబ్బు గురించి గుసగుసలాడుకుంటూ, ఆమె గదిలోకి రాగానే మేమంతా మాటలు టక్కున ఆపేసేవాళ్ళం. ఆ అలవాటు కూడా ఆ ఇంటితోనే పోయింది.