అస్తేరిస్ ఆఖరి సైలెన్సర్

మా బావ అస్తేరిస్ గురించి మా గ్రీసు రేవుపట్నం వోలోస్‌లో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: "సైలెన్సర్ల అస్తేరిసా? దొంగ వెధవ. కానీ చేతిలో బంగారముంది." రెండూ నిజమే. నా పేరు రిజోస్. మా అక్క వాయాని చేసుకున్నాడతను. అతని షెడ్డు పక్కనే నా స్పేర్ పార్టుల కొట్టు. ముప్ఫయ్యేళ్ళుగా అతనికి క్లాంపులూ గాస్కెట్లూ అమ్మినవాణ్ణి, అతనితో రోజూ మధ్యాహ్నం త్సిపురో సారా తాగినవాణ్ణి. ఊరు చెప్పేది సగం. మిగతా సగం నాకే తెలుసు, అది చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

అతని పనేమిటంటే, కుర్రాళ్ళు స్పోర్ట్స్ కార్లు తెచ్చేవాళ్ళు. కంపెనీ బిగించిన సైలెన్సర్‌ని, పొగను కడిగే క్యాటలిస్టు డబ్బాతో సహా ఊడదీసి, ఆ జాగాలో నున్నటి స్టీలు గొట్టం అతికేవాడు. తర్వాత ఆ కారు సముద్రపు ఒడ్డున గర్జిస్తూ పోతుంటే కాఫీలు తాగేవాళ్ళు కప్పులు పట్టుకునేవాళ్ళు. ఊడదీసినవి పారేసేవాడు కాదు. షెడ్డు కప్పుకి వరసగా వేలాడదీసి, ఒక్కోదానికి ఒక చీటీ కట్టి యజమాని పేరు రాసేవాడు. రెండేళ్ళకోసారి ప్రభుత్వం వారి పొగ పరీక్ష రాగానే దించి బిగించడం, పరీక్ష నెగ్గిన మర్నాడే మళ్ళీ ఊడదీసి కప్పుకి తగిలించడం. వాటిని పెళ్ళిబట్టలు అనేవాడు.

"ఏరా, పెళ్ళెప్పుడు?" అని గేటు దగ్గరే కేకేసేవాడు.

"గురువారం మేస్త్రీ!"

"అయితే బుధవారం రా, ముస్తాబు చేసి పంపిస్తా."

ఇరవై ఎనిమిదేళ్ళు ఇలాగే గడిచింది. ఒక్కడూ దొరకలేదు. పరీక్ష చేసేవాళ్ళకి తెలియదా అంటే, వాళ్ళ కార్లవీ అదే కప్పుకి వేలాడుతుండేవి. పొగ పీల్చేవాడెవడో పీలుస్తున్నాడు, మనకేం పోయింది అనుకున్నాం. నేనూ అనుకున్నాను, నాకేం సిగ్గు?

ఇంతలో మా మేనకోడలు అగ్లాయా ఇంజనీరింగ్ చదివి వచ్చి, లారిస్సా రోడ్డులో ఉన్న తనిఖీ కేంద్రంలోనే ఉద్యోగంలో చేరింది. కార్ల వెనక గొట్టంలో కడ్డీ పెట్టి, తెర మీద అంకెలు చూసి, నెగ్గింది లేదా తప్పింది అని సంతకం పెట్టడం ఆ పిల్ల పని. చేరిన నెలలోనే తను నెగ్గించిన కార్లు రెండు సిగ్నల్ దగ్గర తన పక్కనే చెవులు చిల్లులుపడేలా అరుస్తుంటే విన్నది. ఎవరి చేతిపనో దానికి వేరే చెప్పాలా?

ఆ ఈస్టరు నాడు పండగ గొర్రెపిల్ల ఇంకా చువ్వ మీద కాలుతుండగానే పిల్ల మొదలుపెట్టింది.

"నాన్నా, నీ చేతిలోంచి వచ్చిన ప్రతి కారు మీదా నా సంతకం అబద్ధమవుతోంది. నీ పని నా బల్ల మీదకొస్తే నాకు చేతులు కడుక్కోవాలనిపిస్తోంది."

"పండగ పూటేమిటే ఆ మాటలు!" అని మా అక్క అరిచింది.

ఎవడైనా ఒక మాటంటే పది మాటలు అప్పగించే అస్తేరిస్, తలొంచుకుని రొట్టె తుంచుతూ కూర్చున్నాడు. అగ్లాయా కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. ఆ తర్వాత అయిదు నెలలు ఇంటి గడప తొక్కలేదు.

పండగ వెళ్ళిన మర్నాడు నా కొట్టుకొచ్చి, "రిజోస్, నీ దగ్గరున్న వాటిలోకెల్లా మంచి క్యాటలిస్టు ఏది? కొత్తది కావాలి" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. "క్యాటలిస్టా? నువ్వా? ఒంట్లో బాగుందా బావా?"

"నోర్మూసుకుని తియ్యి. వచ్చే ఏడాది మేలో నాకు పింఛను. షట్టరు దించేలోపు ఒక్క సైలెన్సర్ చేస్తా. గొంతు సింహంలా ఉండాలి, పొగ పసిపాప ఊపిరిలా ఉండాలి. దాని మీద నా కూతురు చేతులు కడుక్కోకుండా సంతకం పెట్టాలి. అంతే."

కావలసింది అదొక్కటే అతనికి. మిగిలిన కథంతా దీని చుట్టూనే.

తన సొంత కారు ఉంది, రెండు సీట్ల ఎర్ర జపాన్ బండి, ఇరవయ్యేళ్ళది. దానికి చెయ్యడం మొదలుపెట్టాడు. క్యాటలిస్టుని ఇంజనుకి దగ్గరగా జరిపాడు, త్వరగా వేడెక్కి పని చేస్తుందని. దాని వెనక రెండు గదులు కట్టాడు, గోడల్లో స్టీలు ఉన్ని కూరాడు, గోల మింగేసి గొంతు మాత్రం మిగిల్చేలా. ఒకటి చేస్తే పొగ బాగుండేది, గొంతు పిల్లికూతలా ఉండేది. ఇంకొకటి చేస్తే గొంతు బాగుండేది, ఇంజను ఆయాసపడేది. ఏడు చేసి ఏడూ కోసేశాడు. రోజూ సాయంత్రం తెల్ల చేతిరుమాలు ఒకటి గొట్టం నోటికి అడ్డంపెట్టి చూసేవాడు. "నా పెళ్ళినాటి రుమాళ్ళన్నీ మసి చేశాడురా నీ బావ" అని మా అక్క నా మీద పడేది.

సెప్టెంబరులో ఓ రోజు రుమాలు పట్టుకుని నా కొట్టులోకి దూసుకొచ్చి, కౌంటరు మీద పరిచాడు. "చూడు, మీ అక్క ఉతికినదానికంటే తెల్లగా ఉంది!" ఆ మొహంలో అంత సంతోషం వాళ్ళ పెళ్ళిలో కూడా చూడలేదు.

వాయా ఫోను చేసింది. అగ్లాయా ఆదివారం వచ్చింది. తండ్రితో మాట్లాడకుండా నేరుగా కారు కిందకి దూరింది. అతనూ దూరాడు. బయటికి నాలుగు బూట్లు మాత్రం కనబడుతున్నాయి. లోపల్నుంచి గంటసేపు మాటలు వినబడ్డాయి, ఏ అతుకు ఎలా పెట్టావు, ఇక్కడ ఎంత వేడి ఉంటుంది అని. మా అక్క వంటగది కిటికీలోంచి చూస్తూ ముక్కు తుడుచుకుంది.

పైకి లేచాక పిల్ల చెప్పింది: "పని బాగుంది నాన్నా. కానీ కంపెనీది కాని సామాను బిగిస్తే ఆమోదపత్రం ఉండాలి, దాని మీద నంబరుండాలి. ఇలాంటిదే ఇంకోటి చేసి ఏథెన్సు ల్యాబుకి పంపు. నెలలు పడుతుంది. ఈలోగా పరీక్షకి రా. పంపిన రసీదు పట్టుకురా. అంకెలు బాగుంటే, కాగితం రావాల్సి ఉంది అని రాసి గడువిస్తాను. రూలులో ఉంది అది."

"సంతకం పెడతావా?"

"అంకెలు బాగుంటే ఎందుకు పెట్టను నాన్నా!"

జంట సైలెన్సర్ ఏథెన్సు వెళ్ళింది. రసీదు వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ కందకు లేని దురద కత్తిపీటకొచ్చింది. ఆ కత్తిపీటని నేను.

మా ఊళ్ళో పుట్టినవాడికి చిన్నప్పట్నుంచీ ఒకటే నేర్పుతారు. పని మంచిదైతే సరిపోదు, లోపల మనవాడొకడుండాలి. ఆస్పత్రిలో మంచానికైనా, బళ్ళో సీటుకైనా, శ్మశానంలో చోటుకైనా మనవాడే కావాలి. ఉత్త రసీదు పట్టుకుని, మంచితనం ఒక్కటే నమ్ముకుని పరీక్షకి వెళ్ళే మనిషిని నేను అరవయ్యేళ్ళలో చూడలేదు. బావ అమాయకుడైపోయాడు, నేనైనా చూసుకోవాలి అనుకున్నాను. నాకు తెలిసిన ఒక ఇంజనీరున్నాడు, స్టాంపులున్న మనిషి. ఒక డబ్బా త్సిపురో ఇంటికి పంపితే రెండు రోజుల్లో ఆమోదపత్రం చేసిచ్చాడు. నంబరుతో సహా. పరీక్షకి ముందురోజు, అస్తేరిస్ ఫైలులో రసీదు కింద దాన్ని పెట్టాను. బావకి చెప్పలేదు. నెగ్గాక చెప్పి ఒక గ్లాసు ఎక్కువ పోయించుకుందామనుకున్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే, అదీ వేరేవాడి చంకలో పెట్టాను.

మంగళవారం ఉదయం ఇద్దరం వెళ్ళాం. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తండ్రి కారు కాబట్టి, రేపెవరూ మాట అనకుండా, వాళ్ళ పైఅధికారి వచ్చి అగ్లాయా వెనకాల నిలబడ్డాడు. పిల్లే అలా రమ్మని అడిగిందట.

ఇంజను వేడెక్కింది. కడ్డీ గొట్టంలోకి వెళ్ళింది. కార్బన్ మోనాక్సైడు హద్దు సున్నా పాయింటు మూడు. తెర మీద సున్నా పాయింటు సున్నా రెండు. శబ్దం కొలిస్తే హద్దుకి రెండు డెసిబెల్సు తక్కువ. కానీ ఆ గొంతు! పక్క వరసలోవాళ్ళు పని ఆపి విన్నారు.

అగ్లాయా వెనక్కి తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "నాన్నా, కొత్త బండ్లు కూడా ఇంత శుభ్రంగా రావు" అంది. కలం చేతిలోకి తీసుకుంది. "ఏదీ, రసీదివ్వు."

ఫైలు తెరిచింది. రసీదు తీసింది. దాని కిందది కూడా తీసింది.

"అరె, ఆమోదం అప్పుడే వచ్చేసిందా?" అని నవ్వుతూ నంబరు కంప్యూటరులో కొట్టింది. పైఅధికారి కూడా వంగి చూశాడు. ఆ పిల్ల మొహంలో నవ్వు ఒక్కసారిగా ఆరిపోయింది.

"ఈ ఆమోదం నంబరు ఏదో చేపల లారీ సైలెన్సరుది" అన్నాడు పైఅధికారి.

అస్తేరిస్ ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. కాగితం దొంగదైతే చేయించినవాడి మీద కేసు, నా కొట్టు లైసెన్సు పోతుంది, అదంతా ఆ ఒక్క చూపులో అతనికి అర్థమైపోయింది.

"నేనే పెట్టాను" అన్నాడు.

పిల్ల "అవునా?" అని కూడా అడగలేదు. ఒక్క క్షణం అనుమానించి ఉంటే, "నువ్వు కాదు నాన్నా, నిజం చెప్పు" అని ఉంటే, నేను నోరు విప్పేవాణ్ణేమో. ఇరవై ఎనిమిదేళ్ళ పెళ్ళిబట్టలు చూసిన పిల్ల, ఎందుకు అనుమానిస్తుంది?

"ఇంత బాగా చేసి కూడా మోసం చెయ్యకుండా ఉండలేకపోయావు" అంది మెల్లగా. తిరస్కరణ కాగితం మీద సంతకం పెట్టింది. పూర్తి పేరు, స్పష్టంగా. అతని చేతిలో పెట్టి, వెళ్ళి చేతులు కడుక్కుంది. మేము అక్కడే ఉన్నాం, కుళాయి చప్పుడు వినబడుతూనే ఉంది. పిల్ల మొహం చూసి, కేసు లేకుండా వదిలేశాడు పైఅధికారి.

పరీక్ష తప్పిన కారు రోడ్డెక్కకూడదు కాబట్టి, దాన్ని లాగే బండిలో ముందు సీటులో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం.

"ఎంత పడింది?" అన్నాడు అస్తేరిస్.

"ఒక డబ్బా త్సిపురో."

"మంచిదేనా?"

"ఆఁ."

"నాకు పోసి ఉంటే తాగేవాణ్ణి కదరా."

"అగ్లాయాకి నేను చెప్తా బావా. ఇప్పుడే వెళ్ళి చెప్తా."

"చెప్పు. నన్ను కాపాడ్డానికి నువ్వు అల్లిన కథ అనుకుంటుంది. ఊరుకో ఇక."

నేను ఊరుకున్నాను. ఊరుకోమన్నాడు కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సుఖమైన మాట అది!

అతను మే వరకూ ఆగలేదు. ఆ వారమే షట్టరు దించేశాడు. కప్పుకి వేలాడుతున్నవన్నీ యజమానులకి కబురుపెట్టి ఇచ్చేశాడు. తన సైలెన్సర్ని కారుకే ఉంచి, కారు మీద గుడ్డ కప్పాడు.

షెడ్డు మూసి ఉండటంతో అతని ఉత్తరాలు పోస్టువాడు నా కొట్టులో పడేసేవాడు. మార్చిలో ఏథెన్సు నుంచి కవరొచ్చింది. ఆమోదపత్రం. అసలుది. ల్యాబు ముద్ర, నంబరు, కింద రెండు వాక్యాలు, పనితనం మెచ్చుకుంటూ. దాన్ని బావ దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేరుగా లారిస్సా రోడ్డుకి పరిగెత్తాను. ఇక ఈసారి అన్నీ చెప్పేస్తాను, కొట్టు పోతే పోనీ అనుకుంటూ వెళ్ళాను.

అగ్లాయా బల్ల దగ్గరే ఉంది. కాగితం ముందు పెట్టాను. "మీ నాన్నది తల్లీ. అసలుది. ఆ రోజు కాగితం నేను పెట్టాను, ఒక డబ్బా త్సిపురో ఇచ్చి చేయించి. ఆయనకేమీ తెలియదు."

ఆ పిల్ల చదివింది. ముద్ర మీద బొటనవేలితో ఒకసారి రాసి చూసింది. తలెత్తి నన్ను చూసింది, జాలిగా.

"ఈసారి ఎన్ని డబ్బాలు పడ్డాయి మావయ్యా?"

కంప్యూటరు తన చేతి పక్కనే ఉంది. ఆ నంబరు కొట్టి చూడలేదు.